పసిబిడ్డకు తొలి ముద్ద: పడునది, పడనిది తెలిసికొను విధము

నాగార్జునసాగరు ఎడమ కాలువ క్రింద నున్న నిడమనూరు ప్రాంతమున వరికి కొదువ లేదు. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలిన పిమ్మట జొన్న, సజ్జ పండిన మెట్టచేలెన్నో మాగాణులైనవి. కోతల రోజులలో మిర్యాలగూడ రైసుమిల్లుల ముందు ధాన్యపు బండ్లు బారులు తీరును. ఇంత పంట పండించు ఇండ్లలో ఏడెనిమిది నెలల బిడ్డ ముందున్న గిన్నెలోనికి తొంగి చూచినచో తరచు కనబడునది పలుచని గంజి, లేదా చాయలో ముంచిన బిస్కట్టు. పప్పు అరగదనియు, గ్రుడ్డు వేడి చేయుననియు, పల్లీలు పైత్యమనియు పెద్దలు చెప్పుదురు. ఇటీవల పట్నము నుండి మరియొక మాట వచ్చి చేరినది: "అలర్జీ వచ్చును, మూడేండ్లు నిండు వరకు పల్లీలు, గ్రుడ్లు పెట్టవద్దు" అని. పాత భయమునకు క్రొత్త భయము తోడై బిడ్డ గిన్నె మరింత వెలితి యగుచున్నది.

వ్యవసాయ పత్రికలో ఈ ప్రసక్తి ఏల యని కొందరికి తోచవచ్చును. లేగదూడకు ఏ వయసున గడ్డిపరక అందించవలెనో, దాణా ఏ మోతాదున పెంచవలెనో రైతులు శ్రద్ధగా అడిగి తెలిసికొందురు. ఇంటి బిడ్డ విషయమై అంతపాటి శ్రద్ధ చూపుట న్యాయమే గదా. పైగా ఇందు చెప్పబోవు సరుకులన్నియు మన చేలలో, దొడ్లలో పుట్టునవే.

ఆరు నెలలు నిండిన పిదప

పుట్టిన గంటలోపల మొదలుపెట్టి ఆరు నెలలు నిండు వరకు బిడ్డకు తల్లిపాలే చాలును. మంచినీరు సైతము అక్కరలేదు. తేనె, ఆముదము, ఘుట్టి మొదలైనవి నాకించు అలవాటు ఇంకను కొన్ని ఇండ్లలో గలదు, అది మానవలెను. ముఖ్యముగా తేనె సంవత్సరము నిండక మునుపు పనికిరాదు. అందు ఒక్కొక్కప్పుడు ఉండు సూక్ష్మజీవి బీజములు పసిబిడ్డ ప్రేగులలో మొలచి విషమును పుట్టించును. పెద్దలకు ఆ తేనెయే ఏ హానియు చేయదు.

ఆరవ నెల దాటిన పిదప తల్లిపాలు మాత్రమే చాలవు. తల్లి కడుపులో నున్నప్పుడు బిడ్డ కూడబెట్టుకొన్న ఇనుము ఇంచుమించు ఆ సమయమునకు తరిగిపోవును. ఆరు మొదలు ఎనిమిది నెలల బిడ్డకు పాలు గాక పైతిండి నుండి రోజుకు సుమారు 200 కెలోరీలు, తొమ్మిది మొదలు పదునొకండు నెలల బిడ్డకు 300, రెండవ ఏట 550 కెలోరీలు అందవలెను. తల్లిపాలు మాన్పవలసిన పని లేదు. రెండేండ్లు, ఆ పైనను ఇయ్యవచ్చును.

అన్నప్రాశనము మగబిడ్డకు ఆరవ నెల ఆరవ దినమున, ఆడబిడ్డకు అయిదవ నెల అయిదవ దినమున చేయు ఆచారము మన జిల్లాలలో గలదు. ముహూర్తము పెద్దల ఇష్టము. ఆనాడు పెదవికి పరమాన్నము తాకించిన మాత్రమున దోషము లేదు. కాని ఆడబిడ్డ జీర్ణశక్తి నెల ముందుగా ఎదుగునను మాటకు ఆధారము లేదు గావున నిత్యము తిండి పెట్టుట ఇరువురికిని ఆరు నెలలు నిండిన పిదపనే మొదలిడవలెను. వేడుకకు మంచిరోజు దొరకలేదని ఎనిమిది, తొమ్మిది నెలల వరకు ఆగుట అంతకన్న చెరుపు.

చెంచా నుండి జారరాదు

ఎనిమిది కిలోల బిడ్డ కడుపు ఒక్క మారునకు పట్టునది పావు లీటరుకు మించదు. ఆ చోటును గంజినీళ్లతో నింపినచో కడుపు ఉబ్బును, బలము చేరదు. చెంచా వంచినప్పుడు నీరువలె కారిపోక మెల్లగా జారు గట్టితనము ఉండవలెను. మెత్తగా ఉడికిన అన్నము, పెసరపప్పు కలిపి చేతితో పిసికి, చిన్న చెంచాడు నెయ్యి గాని నూనె గాని వేసినచో మంచి ముద్ద అగును. మొదట రెండు మూడు చెంచాలు. క్రమముగా పావు లీటరు గిన్నెలో సగము. ఎనిమిదవ నెల వరకు రోజునకు రెండు మూడు పర్యాయములు, ఆ తరువాత మూడు నాలుగు పర్యాయములు, నడుమ అరటిపండు వంటివి. సంవత్సరము లోపల ఉప్పు, చక్కెర, బెల్లము వేయనక్కరలేదు. చాయ అసలే పనికిరాదు; అది తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనియ్యదు.

జావ గట్టిగా నున్న బిడ్డ మింగలేదు, పలుచన చేసిన బలము పోవును అను చిక్కునకు ఒక ఉపాయము గలదు. రైతులు దీనిని సులభముగా గ్రహింపగలరు. నారుమడికి వడ్లను నానబెట్టి మండె కట్టుదురు గదా. అట్లే తైదలను ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, ఒకటి రెండు దినములు మొలకెత్తించి, ఎండబెట్టి, సన్నసెగపై కొలదిగా వేయించి, మొలకలు నలిపి తీసివేసి పిండి పట్టించవలెను. మొలకెత్తునపుడు గింజలో పుట్టు రసాయనము పిండిపదార్థమును కరిగించును. వేడిగా నున్న గట్టి జావలో ఈ పిండి ఒక చెంచాడు కలిపినచో కొద్ది నిమిషములలో జావ మెత్తబడి జారును. నీరు పోయలేదు గావున బలము తగ్గదు. పిండి కలిపిన పిమ్మట ఒక పొంగు రానిచ్చి దింపుకొనవలెను. మాడ వేయించిన తైదలలో ఆ గుణము నశించును. మూటలో బూజు వాసన వచ్చిన గింజను పారవేయుడు.

హైదరాబాదు మిశ్రమము

1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన పరిశోధనాలయమే నేటి జాతీయ పోషకాహార సంస్థ. బలహీనులైన పిల్లల కొరకు ఆ సంస్థవారు కూర్చిన పొడికి హైదరాబాదు మిశ్రమమని పేరు. వేయించిన గోధుమలు 40 గ్రాములు, పుట్నాలు 16 గ్రాములు, వేయించిన పల్లీలు 10 గ్రాములు, బెల్లము 20 గ్రాములు. మొత్తము 86 గ్రాములలో 330 కెలోరీలు, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు గలవు. బెల్లము తీసివేసి లెక్కించినను తక్కిన 66 గ్రాములలో సుమారు 250 కెలోరీలు మిగులును. తల్లిపాలు త్రాగు ఏడవ నెల బిడ్డకు దాదాపు 50 గ్రాముల పొడి పైతిండిగా ఒక రోజుకు సరిపడు బలము నిచ్చునన్న మాట. ఇందు ఒక్క వస్తువును కొట్టు నుండి డబ్బాలో కొనవలసినది లేదు.

అంగన్‌వాడీలో ఇచ్చు బాలామృతము కూడ ఈ జాతిదే. అందు వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె యుండును. తీపి యున్నది గదా యని పెద్దపిల్లలు బొక్కుటకు విడిచిపెట్టక, ఎవరి పేర వచ్చినదో ఆ బిడ్డకే అందునట్లు చూడవలెను.

ఇచ్చటనే అలర్జీ ప్రశ్న వచ్చును. మిశ్రమములో గోధుమ, పల్లి గలవు. బాలామృతములో గోధుమ, పాలు గలవు. పాలు, గ్రుడ్డు, పల్లి, గోధుమ, చేప, రొయ్య, సోయా, నువ్వులు, జీడిపప్పు వంటివి అలర్జీ కలిగించు పదార్థములలో ముఖ్యమైనవి. మన దేశములో శనగ, ఇతర పప్పులు పడనివారు కూడ కనబడుచున్నారు.

"పడదు" అను మాట

"మా పిల్లవానికి గ్రుడ్డు పడదు" అని తల్లి చెప్పినప్పుడు ఆ ఒక్క మాట వెనుక నాలుగు సంగతులు ఉండవచ్చును. మొదటి రోజున బిడ్డ నాలుకతో బయటకు నెట్టివేసి యుండవచ్చును. అది పసిబిడ్డల స్వభావము, ఎనిమిది పది మార్లు ఓపికతో పెట్టిన అలవాటగును. లేదా ఆ దినముననే విరేచనములై యుండవచ్చును. దానికి కారణము గ్రుడ్డో, కడుగని గిన్నెయో విచారింపవలెను. లేదా ఎండకాలపు చెమటకాయలు, జ్వరముతో వచ్చు తట్టు అయి యుండవచ్చును. టమాట, నిమ్మ, బత్తాయి రసము అంటినచోట మూతి చుట్టును ఎర్రబడుట కూడ చర్మము మీది మంట మాత్రమే. నాలుగవది నిజమైన అలర్జీ. శరీరమునకు కాపలా యుండు శక్తి మంచి తిండిని శత్రువుగా భ్రమించి దానిపై తిరుగబడుటయే అలర్జీ. దీనికి వేడి, చలువ, వాతములతో సంబంధము లేదు.

నిజమైన అలర్జీ తిన్న కొద్ది నిమిషముల నుండి రెండు గంటలలోపల బయటపడుట సామాన్యము. ఒంటిపై దోమ కుట్టినట్లు పొంగిన దద్దుర్లు లేచును. పెదవులు, కనురెప్పలు వాచును. బిడ్డ వాంతి చేసికొనును. ఆ తిండి మరల పెట్టినప్పుడు అదే లక్షణము మరల కనబడును. కొందరిలో మరియొక విధము గలదు. తిన్న ఒకటి మొదలు నాలుగు గంటలకు పట్టువిడువని వాంతులై బిడ్డ పాలిపోయి వాలిపోవును. ఇది పాలు, బియ్యము వంటి సాధువైన తిండికి కూడ రావచ్చును. పోతపాలు త్రాగు బిడ్డ మలములో నెత్తురు చారలు కనబడినను డాక్టరునకు చూపవలెను.

ఆపుటయే ముప్పు తెచ్చినది

పట్నపు మాట ఎక్కడిదో చెప్పెదను. అలర్జీ వచ్చు వంశములలోని పిల్లలకు గ్రుడ్డు రెండేండ్ల వరకు, పల్లీలు, చేపలు మూడేండ్ల వరకు పెట్టరాదని అమెరికా శిశువైద్యుల సంఘము 2000లో సలహా యిచ్చినది. దేశదేశముల వైద్యులు దానిని అనుసరించిరి. అలర్జీలు తగ్గలేదు. 2008లో ఆ సంఘమే, ఆలస్యము చేయుట వలన మేలు కలుగునని చెప్పుటకు ఆధారము లేదని ఆ సలహాను విడిచిపెట్టినది. అదే ఏట ఇంగ్లండు పరిశోధకులు ఒక వింత గమనించిరి. ఇజ్రాయెల్‌లో పసితనముననే పల్లిపిండితో చేసిన చిరుతిండి తినిపింతురు. ఇంగ్లండులోని యూదు పిల్లలకు అట్టి అలవాటు లేదు. ఇంగ్లండు పిల్లలలో పల్లి అలర్జీ ఇజ్రాయెల్ పిల్లలకన్న పదిరెట్లు అధికముగా నుండెను.

దీనిని పరీక్షింపదలచి లండనులో తీవ్రమైన ఎగ్జిమా గాని, గ్రుడ్డు అలర్జీ గాని గల 640 మంది పసిబిడ్డలను రెండు భాగములు చేసిరి. నాలుగు మొదలు పదునొకండు నెలల వయసు నుండి అయిదేండ్ల వరకు ఒక భాగమునకు పల్లీ పెట్టిరి. రెండవ దానికి పూర్తిగా మాన్పిరి. మన పరిశోధన క్షేత్రములలో ఒక మడికి ఎరువు వేసి ప్రక్క మడికి వేయక చూచినట్లే ననుకొనుడు. 2015లో ఫలితము వెలువడినది. మొదట చర్మపరీక్షలో పల్లి అలర్జీ జాడ లేనివారిలో, మాన్పిన పిల్లలలో నూటికి సుమారు 14 మందికి అలర్జీ వచ్చినది. తిన్నవారిలో ఇద్దరికే వచ్చినది. ఏడవ నెలలో ఎంతో కొంత పల్లిపొడి కలిసిన మిశ్రమము పెట్టుట వెనుకటి లెక్కన తప్పు. నేటి లెక్కన రక్ష.

ఒక మడికి ఒక్క ఎరువు

బాలామృతముతోనో, మిశ్రమముతోనో తిండి మొదలుపెట్టినచో దద్దుర్లు లేచిన దినమున దోషము దేనిదో తెలియదు. యూరియా, జింకు సల్ఫేటు, పురుగుమందు ఒక్క దినముననే వేసిన మడి పచ్చబడినను, ఎర్రబడినను కారణము చెప్పలేము గదా. కావున విడివిడిగా పరిచయము చేసి, పిదప కలుపవలెను.

ముందుగా అన్నము, పెసరపప్పు, కూరగాయల గుజ్జు, అరటిపండు. ఇవి బాగుగ తినుచున్న బిడ్డకు గోధుమ జావ. తరువాత పెరుగు, తరువాత గట్టిగా ఉడికించిన గ్రుడ్డు, ఆ తరువాత పల్లి, చేప తినువారి ఇంట ముల్లు తీసిన చేప. ఈ వరుస కచ్చితముగా పాటింపనక్కరలేదు. దొరకినదానిని బట్టి మార్చుకొనవచ్చును. కాని ఒక్క సమయమున క్రొత్తది ఒక్కటే యుండవలెను, మూడు దినములు గడచిన పిమ్మటనే మరియొకటి రావలెను. పరీక్ష ప్రొద్దుటి పూట పెట్టుకొనుడు. రాత్రి పెట్టి దీపమార్పి పరుండిన ఎవరు చూతురు? బిడ్డకు జ్వరము, విరేచనములు, జలుబు ఉన్న దినమునను, టీకా వేయించిన దినమునను క్రొత్తది వలదు. నాట్ల రోజులలో తల్లి పొలమునకు పోయి నాయనమ్మయో, పెద్దక్కయో బిడ్డను చూచునట్లయిన, ఆనాడు క్రొత్త తిండి పెట్టక, తల్లి రెండు గంటలు ఇంట నిలుచు దినమును ఎంచుకొనవలెను.

మొదట చెంచా కొనతో నాకించి పది నిమిషములు ఆగుడు. ఏమియు లేకున్న తక్కిన ముద్ద మెల్లగా పెట్టుడు. పల్లీలు వేయించి, పొట్టు తీసి, మెత్తని పొడి చేసి జావలోనో, అన్నములోనో కలుపవలెను. అయిదేండ్లు నిండని పిల్లలకు పల్లిగింజను గింజగా ఇయ్యరాదు. గొంతున అడ్డుపడి ఊపిరి ఆగును. గ్రుడ్డు పచ్చిది, సగముడికినది పనికిరాదు. తెల్లసొన, పచ్చసొన రెండును పెట్టవలెను. ఆవుపాలు, గేదెపాలు సంవత్సరము లోపల తల్లిపాలకు బదులుగా పోయరాదు గాని వంటలో కొలదిగా వాడవచ్చును.

పడినదని తేలిన పదార్థమును వదలిపెట్టరాదు. ఇది చాలమంది మరచు విషయము. ఒకసారి నాకించి మూడు నెలలు మాన్పిన ప్రయోజనము లేదు. పల్లిపొడి రెండు చిన్న చెంచాల నిండుగ వారమునకు మూడు పర్యాయములు, గ్రుడ్డు వారమునకు రెండు మూడు మార్లు తినుచు రావలెను.

గోడ క్యాలెండరుపై తేదీ గడిలో ఆనాటి క్రొత్త తిండి పేరు వ్రాసి, ఏమైన కనబడిన ఎంతసేపటికి కనబడినదో ప్రక్కన వ్రాసికొనుడు. డాక్టరునకు ఆ వ్రాత ఎంతయో ఉపకరించును.

బుగ్గలు, మోచేతి మడతలు ఎర్రబడి, పగిలి, రసి కారు తీవ్రమైన ఎగ్జిమా గల బిడ్డకు, ఇదివరకే ఏదైన తిండికి దద్దుర్లు లేచిన బిడ్డకు పల్లి, గ్రుడ్డు మొదలిడక మునుపు శిశువైద్యుని అడుగవలెను. అట్టి పిల్లలకు మాన్పుట మంచిదని కాదు. వారికే త్వరగా మొదలిడుట మేలు, అయితే వైద్యుని యెదుట మొదలిడవలసి రావచ్చును.

తల్లి తిండి సంగతి ఒక మాట. బిడ్డకు అలర్జీ వచ్చునేమో యని బాలింతకు గ్రుడ్డు, పప్పు, పల్లీ మాన్పించుట తగదు.

ఆపద గుర్తులు

నాలుగు దద్దుర్లు లేచి బిడ్డ ఆడుకొనుచున్నచో ఆ తిండి ఆపి, గమనించుచు, ఆ దినముననే ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో చూపుడు. వైద్యుడు చెప్పు వరకు ఆ ఒక్క పదార్థమును మరల పెట్టవద్దు; తక్కిన తిండి ఆపవద్దు.

ఊపిరి పీల్చునప్పుడు ఈల శబ్దము వచ్చుట, విడువని దగ్గు, గొంతు బొంగురుపోవుట, నాలుక వాచుట, మాటిమాటికి వాంతి, బిడ్డ పాలిపోయి మెడ వాల్చుట - వీనిలో ఏది కనబడినను ఒక్క నిమిషము జాగు చేయరాదు. 108కు ఫోను చేయుడు. బిడ్డను వెల్లకిల పరుండబెట్టుడు. భుజాన వేసికొని అటునిటు త్రిప్పవద్దు. వాంతి చేసికొనుచున్న ప్రక్కకు ఒత్తిగిలజేయుడు. నోట నీరు, పాలు, కషాయము పోయవద్దు. ఈ స్థితికి తగిన మందు తొడకండలో వేయు అడ్రినలిన్ సూది. ఆసుపత్రి చేరగానే "ఫలానా తిండి తిన్న ఇన్ని నిమిషములకు వచ్చినది" అని మొదటి మాటగా చెప్పుడు. కుదుటపడిన పిదప కూడ కొన్ని గంటలు అచ్చటనే యుండవలెను. తగ్గినట్లే తగ్గి మరల తిరుగబెట్టుట గలదు.

మన శాఖకు సంబంధించిన సంగతులు

పల్లీల వలన అలర్జీకన్న ఎక్కువ ఇండ్లకు తగులు ముప్పు బూజు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్లు చచ్చిపోయినవి; కారణము వాటి దాణాలోని బూజుపట్టిన పల్లిచెక్క. అందలి విషమునకే అఫ్లాటాక్సిన్ అని పేరు. 1974లో రాజస్థాన్, గుజరాత్ గ్రామములలో బూజుపట్టిన మక్కలు తిని అనేకులు కామెర్లతో మరణించిరి. ఈ విషము కాలేయమును చెరచును. వేయించినను, ఉడికించినను పూర్తిగా పోదు. యాసంగిలో పల్లి వేయు రైతులు పీకిన కాయను కుప్పలో మగ్గనియ్యక వెంటనే ఎండబెట్టి, చెవి దగ్గర ఆడించినప్పుడు గింజ గలగలలాడు వరకు ఆరిన పిమ్మటనే బస్తాకెత్తవలెను. బిడ్డ కొరకు పొడి చేయునపుడు గింజలను పళ్లెములో పోసి, ముడుచుకొన్నవి, నల్లబడినవి, పురుగు తొలిచినవి ఏరి పారవేయుడు. ఏరిన గింజలను చట్నీకి వాడుకొందమను పొదుపు కూడ వలదు. పొడి పదిహేను దినములకు సరిపడు మాత్రమే చేసికొని మూత బిగించిన డబ్బాలో ఉంచుడు.

బిడ్డకు వండు కూరగాయలు పురుగుమందు కొట్టిన మడి నుండి తెచ్చునట్లయిన డబ్బాపై వ్రాసిన గడువు దాటినదా యని చూచుకొనవలెను. పెరటిలో రెండు పాదులు మందు తగులకుండ వేరుగా పెంచుకొనుట అన్నిటికన్న తేలిక. మందు కొలచిన గ్లాసు, చెంచా వంటింటి గడప దాటరాదు.

నీటి విషయము మన జిల్లాకు ప్రత్యేకమైనది. క్రిములను చంపుటకు నీటిని మరిగింపవలెను. కాని మరిగించిన ఫ్లోరైడు పోదు, నీరు ఇగిరిన కొలది చిక్కబడును. కనుక బోరునీటిని కాచి బిడ్డకు పోయుట కన్న శుద్ధిచేసిన నల్లానీటిని కాచి వాడుట మంచిది.

పంచాయతీ కార్యదర్శులు, గ్రామోద్యోగులు అంగన్‌వాడీలో అన్నప్రాశనము జరుపు దినమున అచ్చట నుండగలిగినచో ఒక పని చేయవచ్చును. బాలామృతము పొట్లముపై నున్న సరుకుల పేర్లు తల్లులకు చదివి వినిపించి, ఆ బిడ్డ గోధుమ, పాలు, శనగ వేరువేరుగా తిన్నదా యని అడుగుడు. తినని బిడ్డకు మొదటి పొట్లము విప్పక మునుపు ఆ మూడింటిని విడివిడిగా పెట్టు తేదీలు వారి క్యాలెండరుపై గుర్తు పెట్టి ఇయ్యుడు.